లండన్ వెళ్ళొచ్చిన మాట

ఆ ఊళ్ళో ఒకరు నోరు తెరిచి అన్న మాట ఎదురుగా కూర్చున్నవాళ్ళ చెవిన పడాలంటే ముందు లండన్ వెళ్ళి రావాలి. ఇందులో వింతేమీ లేదు. ఆఫ్రికాలో తూర్పు వైపున, ఒక పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఊరది. మాట పెదవి దాటగానే సరస్సు మీదుగా సముద్రతీరానికి, అక్కణ్ణుంచి నీళ్ళ అడుగున తీగ వెంబడి లండన్‌కు పోతుంది. అక్కడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముద్ర వేసి వెనక్కి పంపుతారు. రద్దీ లేకపోతే ఒక పూటలో వచ్చేస్తుంది. రద్దీ ఉంటే మర్నాటి మాటే. లండన్‌లో సెలవైతే ఈ ఊరు కిక్కురుమనదు.

కాగితం మీద రాసుకోవచ్చు కదా అని కొత్తగా వచ్చినవాళ్ళు తెలివిగా అడుగుతారు. రాసినా అంతే. కాగితం అప్పుడే చేతికందుతుంది, అక్షరాలు మాత్రం వెళ్ళి రావాలి. అంతదాకా తెల్లకాగితం పట్టుకుని దిక్కులు చూస్తూ కూర్చోవాల్సిందే. చేతులతో సైగలు చేసుకోవచ్చు గానీ సైగలకు ఆ ఊరి చట్టంలో విలువ లేదు.

జనం ఎప్పుడో సర్దుకుపోయారు. సర్దుకుపోక ఏం చేస్తారు పాపం! చేపలమ్మే ఆడవాళ్ళు పొద్దున్నే బజారుకొచ్చి, గొంతు చించుకుని అరిచి, గంపలు ఖాళీ చేసుకుని ఇళ్ళకు పోతారు. సాయంత్రం మనిషి లేని బజారులో వాళ్ళ కేకలు వినపడతాయి. లండన్ వెళ్ళొచ్చిన కేకలు కాబట్టి వాటికి ముందొక ‘దయచేసి’ చేరి ఉంటుంది. చర్చిలో పాస్టరు పెళ్ళికొడుకును ‘నీకిష్టమేనా’ అని ముందురోజే అడిగి పెట్టుకుంటాడు. మొగుడూ పెళ్ళాలు పొద్దున తిట్టుకున్న తిట్లు సాయంత్రానికి వస్తాయి. ఆ సరికి ఇద్దరూ రాజీపడి ఉంటారు కనుక మళ్ళీ మొదటినుంచీ కోపం తెచ్చుకోవాలి.

ఈ ఊరికి ఇంజనీరుగా వచ్చినవాడు కాకినాడ మనిషి, వెలిచేటి మృత్యుంజయం. వెంట భార్య అరుంధతి కూడా వచ్చింది. వచ్చిన మొదటిరోజు ఆవిడ వడ్డిస్తూ ‘ఏవండీ, చారులో ఉప్పు సరిపోయిందా?’ అని అడిగిన మాట మర్నాడు ఆయన పళ్ళు తోముకుంటుండగా వచ్చింది. ‘కాస్త తక్కువైంది’ అని నురగ నోటితోనే జవాబిచ్చాడు. అది ఆవిడ రాత్రి చారు పోపు పెడుతుండగా అందింది. సంసారం అలాగే నడిచిపోయింది. మాట మీద మాట అనుకునే వీలు లేకపోయేసరికి చుట్టుపక్కలవాళ్ళ కళ్ళకు వాళ్ళు చిలకాగోరింకల్లా కనపడేవారు.

మృత్యుంజయాన్ని పిలిపించింది యూనివర్సిటీలు. ఆ ఊళ్ళో యూనివర్సిటీలు రెండు. రోడ్డుకు ఇటువైపు వ్యవసాయానిది, అటువైపు వైద్యానిది. మధ్యన రోడ్డు ఎంత ఇరుకంటే రెండు మేకలు ఎదురుపడితే ఒకటి ఆగి దారివ్వాలి. ఇటునుంచి అటు ‘ఫలానా పరీక్ష చేసి పెట్టండి’ అనాలంటే ఆ మాట లండన్ తిరిగి రావాలి. దేశంలో మిగతా యూనివర్సిటీలదీ, పక్క దేశాలవాళ్ళదీ ఇదే తంతు. ఎవరి మానాన వాళ్ళు లండన్ దారికి అద్దె కట్టుకుంటూ, పక్కవాడి పరిశోధనను లండన్ పత్రికల్లో చదువుకుంటూ బతుకుతున్నారు.

‘అందరం కలిసి మన మధ్య మనకొక దారి వేసుకుందాం. పక్కింటి మాట పక్కింటికే పోవాలి’ అన్నది డాక్టర్ తియామికే గొండ్వే. ఆవిడ వ్యవసాయ యూనివర్సిటీలో పంటల తెగుళ్ళు చూసే మనిషి. యాభై దాటాయి, మోకాళ్ళ నొప్పులున్నాయి. ఈ ఒక్క మాట చెప్పడానికి బస్సులెక్కి ఒక్కో యూనివర్సిటీకీ తిరిగింది. ఏళ్ళు పట్టింది. చివరికి అన్ని యూనివర్సిటీలూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. మొదటి సమావేశంలో అధ్యక్షుడు ‘కూర్చోండి’ అన్న మాట అందరూ ఇళ్ళకు వెళ్ళాక వచ్చింది. రెండో సమావేశంలో దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.

సెలవుల్లో విద్యార్థులూ మాస్టర్లూ పలుగులూ పారలూ పట్టి రోడ్డు పక్కన కాలువ తవ్వారు. గొండ్వే గారు చీటికీ మాటికీ నడుం పట్టుకుంటూనే తట్ట మోసింది. మృత్యుంజయం అందులో తీగ పరిచాడు. రెండు యూనివర్సిటీల మధ్య, సరిగ్గా రోడ్డు మలుపులో, రెండువైపులా కిటికీలున్న గది ఒకటి కట్టించాడు. దానికి కూడలి గది అని పేరు. ఇటొక ఎర్ర గొట్టం, అటొక ఎర్ర గొట్టం, కూడలి గది బల్ల మీద ఇంకొకటి. గొట్టంలో మాట్లాడితే ఆ మాట లండన్ పోకుండా కూడలికొస్తుంది. కూడలిలో ఒక మీట ఉంటుంది. మీట కుడికి వేస్తే మాట నేరుగా అవతలి గొట్టంలోకి పోతుంది, ఎడమకు వేస్తే పాత పద్ధతిలో లండన్ పోతుంది. ప్రయోగ కాలం ముగిసేదాకా ప్రతి మాటా ఇంజనీరు చేతిమీదుగా పోవాలని సంఘం నియమం పెట్టింది. ఈ ఊరు గాడిన పడితే మిగతా ఊళ్ళకు తీగ లాగుతారు. అదీ ఏర్పాటు.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చి వైద్య యూనివర్సిటీ వైపు కుర్చీలో కూర్చున్నారు. ఇటువైపు నుంచి గొండ్వే గారు గొట్టంలో ‘నమస్కారం, వినపడుతోందా?’ అంది. మృత్యుంజయం మీట కుడికి వేశాడు. మాట ఠక్కున పోయి పడింది. మంత్రిగారు ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి తిరిగి చూశారు, ఎవరైనా దాక్కున్నారేమోనని. తర్వాత గొట్టం అందుకుని, ‘వినపడింది సరే, దీని మీద ముద్రేదయ్యా?’ అన్నారు. ఆ మాట నేరుగా మృత్యుంజయం చెవిలోనే పడింది. ఆయన వేళ్ళతో ముద్ర వేసినట్టు చూపేసరికి పక్కన పందిట్లో పెద్దలంతా నవ్వారు. నవ్వు మర్నాటిదాకా వినపడలేదు గాని, తెరుచుకున్న నోళ్ళు కిటికీలోంచి అప్పుడే కనపడ్డాయి. మృత్యుంజయానికి తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత నేరు మాటల గురించి ఊళ్ళో రకరకాలుగా అనుకున్నారు. మరీ పచ్చిగా ఉన్నాయన్నారు. ఆలోచించుకునే వ్యవధి లేకుండా వచ్చి మీద పడుతున్నాయన్నారు. వైద్య యూనివర్సిటీలో ఒక పెద్ద ప్రొఫెసరు మాత్రం అసలు సంగతి బయటపెట్టాడు. ‘ఆ గొంతులు మరీ మనవాళ్ళవిలా ఉన్నాయి’ అన్నాడు. ఆయన అన్న ఆ మాట లండన్ నుంచి ముద్ర వేసుకుని వచ్చింది కనుక అందరూ ఒప్పుకున్నారు.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం పొద్దున కూడలి గదిలో గొట్టం మోగింది.

‘ఇంజనీరు గారూ, గొండ్వేని. జిల్లా గోదాములో మొక్కజొన్నకు బూజు పట్టింది. మామూలు బూజు కాదు, విషం. రెండుసార్లు పరీక్ష చేశాను. ఆ పిండితోనే ఇవాళ నుంచి బడుల్లో పిల్లలకు జావ కాస్తారు. చిర్వాకు చెప్పండి, ఆపించమనండి. ఇప్పుడే, వెంటనే.’

చిర్వా అంటే డాక్టర్ లింబని చిర్వా. వైద్య యూనివర్సిటీలో జనం ఆరోగ్యం చూసే ఆఫీసరు. ఆయన నడిచి వెళ్ళి గోదాముకు తాళం వేస్తే చాలు, జిల్లాలో ప్రతి బడిలోనూ పొయ్యి ఆరిపోతుంది. ఆ సమయానికి ఆయన తన ఆఫీసు వరండాలో కూర్చుని వేయించిన వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాడు. మృత్యుంజయానికి కిటికీలోంచి ఆయన చేతిలోని తొక్కలు కూడా కనపడుతున్నాయి.

మృత్యుంజయం చెయ్యి మీట మీద వేశాడు. వేసి, ఆగిపోయాడు. గొండ్వే గారి మాట అబద్ధమని ఆయనకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, తర్వాత కూడా తెలుసు. కానీ ఇది నమస్కారం లాంటి మాట కాదు కదా! జిల్లా అంతటా పిల్లల తిండి ఆపే మాట. ముద్ర లేని మాట పంపించి, రేపు ఏదైనా తేడా వస్తే ‘నువ్వెవడివయ్యా పంపడానికి?’ అంటారు. మళ్ళీ పందిట్లో నోళ్ళు తెరుచుకుంటాయి. అదే లండన్ మీదుగా పోతే ఏం జరిగినా లండన్ చూసుకుంటుంది.

చదువుకునే రోజుల్లో వాల్తేరులో మృత్యుంజయం ఒక సంగతి కనిపెట్టాడు. తీగల గురించినదే. గైడుగారు దాన్ని సొరుగులో పడేసి, ‘బయటివాళ్ళెవరైనా అన్నారా ఈ మాట? అననీ, అప్పుడు చూద్దాం’ అన్నారు. రెండేళ్ళ తర్వాత బయటివాళ్ళు అన్నారు. గైడుగారు క్లాసులో బోర్డు మీద దాన్ని ఎంతో భక్తిగా రాసి చెప్పారు. వెనక బెంచీలో కూర్చుని నోట్సు రాసుకున్న మృత్యుంజయం ఆ మనిషిని ఇంతకాలమూ తిడుతూనే ఉన్నాడు. ఇప్పుడు కూడలి గదిలో సరిగ్గా ఆయన కుర్చీలోనే కూర్చున్నానని మృత్యుంజయానికి తోచకపోలేదు. తోచింది. తోచినా చెయ్యి ఎడమకే పోయింది.

మాట లండన్ వెళ్ళిపోయింది.

‘పంపాను, డాక్టరు గారూ’ అన్నాడు గొట్టంలో. అబద్ధం ఆడలేదు. పంపాడు.

‘బతికించారు!’ అంది గొండ్వే. ‘చూశారా, ఇందుకేనండీ ఇన్నేళ్ళూ బస్సులెక్కి తిరిగింది. ఇక చిర్వా చూసుకుంటాడు. నేను కాస్త టీ తాగుతాను, రాత్రంతా నిద్ర లేదు.’

ఆ రోజు లండన్‌లో ఆఫీసులకు సెలవు. ఆ సంగతి కూడలి గది గోడకున్న క్యాలెండర్లో ఎర్రగా రాసే ఉంది. మృత్యుంజయం చూడలేదు. చూడలేదనే తర్వాత విచారణలో చెప్పాడు. కాసేపటికి గోదాము నుంచి పిండి మూటల బండ్లు కూడలి గది ముందు నుంచే, కిటికీ ఊచలకు రాసుకుంటూ పోయాయి. బండివాళ్ళు ఆయనకు చెయ్యి ఊపారు. ఆయనా ఊపాడు. వరండాలో చిర్వా గారు శనక్కాయలు ముగించి లోపలికి వెళ్ళిపోయారు.

మీట అక్కడే ఉంది. ఎడమకు వేసినదాన్ని కుడికి వేసి, గొట్టంలో ఆవిడ మాటనే తన నోటితో చెబితే అయిపోయేది. మధ్యాహ్నం ఒకసారి చెయ్యి దానిదాకా వెళ్ళింది కూడా. కానీ ఇప్పుడు చెబితే పొద్దున ఎందుకు చెప్పలేదంటారు కదా! ఆ ఒక్క ప్రశ్నకు భయపడి మృత్యుంజయం సోమవారం గడిపాడు, మంగళవారమూ గడిపాడు. ఆ రెండు రోజులూ ఆయన అన్నం సయించక లేచిపోతుంటే అరుంధతి బిక్కమొహం వేసుకుని చూసింది.

మాట బుధవారం సాయంత్రం వచ్చింది. ముద్ర శుభ్రంగా పడింది. మాట కూడా లండన్‌లో కాస్త నునుపు తేలింది. ‘మొక్కజొన్న విషయమై తమరు వీలు చూసుకుని, దయచేసి, పరిశీలించగలరు’ అని చిర్వా గారి చెవిన పడింది. పాపం ఆ మనిషి అందులోని సంగతి పసిగట్టి చెప్పుల్లేకుండానే పరిగెత్తాడు. కానీ అప్పటికే పిల్లలు మూడు పూటలు జావ తాగారు. ఆసుపత్రి వసారాలో మంచాలు చాలక చాపలు పరిచారు. తల్లులు గుండెలు బాదుకుంటున్నారు. ఆ ఏడుపు లండన్ వెళ్ళింది కనుక వసారా అంతా నిశ్శబ్దంగా ఉంది. మర్నాడు ఆ వసారా ఊడుస్తున్నవాళ్ళకు ఏడుపులు వినపడ్డాయి.

పిల్లలు చాలామంది కోలుకున్నారు. కొందరు మాత్రం బడికి తిరిగి రాలేదు.

విచారణ సంఘం వేశారు. సంఘం అన్నీ కూలంకషంగా చూసింది. మాట గుర్తింపు పొందిన దారిలోనే వెళ్ళింది, గుర్తింపు పొందిన ముద్రతోనే వచ్చింది, ఎక్కడా నియమం తప్పలేదు అని తేల్చింది. అంత పెద్ద మాటను తొందరపడి నేరుగా పంపకుండా సంయమనం చూపినందుకు ఇంజనీరు గారిని అభినందించింది. ఉద్యోగం పర్మనెంటు చేసింది. ఇకమీదట ముఖ్యమైన మాటలన్నీ లండన్ మీదుగానూ, తతిమ్మావి నేరుగానూ పోవాలని నియమం పెట్టింది. తతిమ్మావి అంటే ‘టీ వచ్చిందా’, ‘గొడుగు తెచ్చావా’, ‘ఆకలేస్తోందా’ లాంటివి. అలాంటివి రోజంతా తెంపు లేకుండా పోతున్నాయి కనుక నెట్‌వర్కు ఘనవిజయం సాధించిందని ప్రకటించారు. మిగతా ఊళ్ళకు కూడా తీగ లాగుతున్నారు.

అభినందన సభలో మృత్యుంజయం మెడలో దండ వేస్తుండగా, పొద్దున అరుంధతి అడిగిన మాట వచ్చి చెవిలో పడింది.

‘ఏవండీ, ఒక్కటడుగుతాను, దాటెయ్యకండి. ఆవిడ చెప్పింది నిజవని మీకు అప్పుడే తెల్సా, తెలీదా?’

అందరూ చప్పట్లు కొడుతున్నారు. మృత్యుంజయం దండ సర్దుకున్నాడు. ఇంటికి వెళ్ళాక ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. జవాబు చెప్పలేదు. ఆలస్యమవుతోందనుకుని ఆవిడ కొన్నాళ్ళు ఎదురు చూసింది, తర్వాత ఎదురు చూడటం మానేసింది. అన్నం పెట్టేటప్పుడు ఉప్పు గురించి కూడా అడగడం లేదు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం డాక్టర్ గొండ్వే కూడలి గదికి వచ్చింది. మనిషి సగమైపోయింది. మృత్యుంజయం లేచి నిలబడ్డాడు, కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు. ఆయన బల్ల మీదున్న ఎర్ర గొట్టమే తీసుకుంది, ఎదురెదురుగా మూరెడు దూరంలో నిలబడి అందులోనే మాట్లాడింది. తన మాట ఇప్పుడే, ఇక్కడే ఆయనకు వినపడాలని.

‘విచారణలో అంతా విన్నాను. నాకు విచారణ అక్కర్లేదు ఇంజనీరు గారూ. నన్ను ఒక్కటే తొలిచేస్తోంది. ఆ రోజు నా మాట మీకు అబద్ధంలా వినపడిందా? నేనేమైనా సరిగ్గా చెప్పలేదా? ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉంటే పంపేవారా?’

ఆవిడ తప్పు తనలో వెతుక్కుంటోంది. అది వినగానే మృత్యుంజయానికి భూమిలోకి కుంగిపోయినట్టయింది. ఆవిడ గొట్టం ఆయన చేతికిచ్చింది. దాన్ని పట్టుకుని ఒక్క ముక్క చెబితే చాలు, మరుక్షణం ఆవిడ చెవిన పడుతుంది. పడినప్పుడు ఆవిడ మొహం ఎలా మారుతుందో ఆయన చూడాల్సి వస్తుంది.

గొట్టం బల్ల మీద పెట్టేశాడు. ఊరికే గాలిలోకి నోరు తెరిచి చెప్పాడు.

‘మీ తప్పేం లేదండీ. మీరు స్పష్టంగానే చెప్పారు, నేను నమ్మాను. నమ్మి కూడా పంపలేదు. నా మీదికొస్తుందని భయపడ్డాను. రెండు రోజులు మీట పక్కనే కూర్చుని కూడా తిప్పలేదు. ఆ పిల్లల్ని చంపింది నేనేనండీ.’

మనస్ఫూర్తిగానే చెప్పాడు. కళ్ళనీళ్ళు కూడా తిరిగాయి. మాట లండన్ వెళ్ళింది. సాయంత్రానికి గానీ రాదు. అప్పటికి ఆవిడ తన ఇంట్లో ఉంటుంది, తను తన ఇంట్లో ఉంటాడు.

గొండ్వే గారు ఆయన పెదాలు కదలడం చూసింది. బల్ల మీది గొట్టం చూసింది. అర్థమైంది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కుర్చీలో కూర్చుంది. గొట్టం అందుకుని, ‘సరే. వచ్చేదాకా ఇక్కడే ఉంటాను’ అంది.

మృత్యుంజయం కూడా కూర్చోక తప్పలేదు. మధ్యాహ్నమంతా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యమధ్య గొట్టం మోగేది. గొడుగుల మాటలు, టీల మాటలు. ఆయన తల దించుకునే మీట కుడికి వేస్తూ పోయాడు. ఎండ వాలింది. బజారులో పొద్దుటి చేపల కేకలు వినపడటం మొదలైంది. అప్పుడు ఆయన మాట వచ్చింది. ముద్ర శుభ్రంగా పడింది. గదిలో ఇద్దరూ విన్నారు.

‘కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.’

మృత్యుంజయం తలెత్తాడు. అది తను అన్న మాట కాదని చెప్పబోయాడు. కానీ ఆ క్షణంలో ఆయన గుండెల మీద నుంచి బరువేదో దిగినట్టయింది, అలా అయినందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

గొండ్వే గారు గొట్టంలో నెమ్మదిగా అడిగింది. ‘ఇది మీరన్న మాటేనా, ఇంజనీరు గారూ?’

ఆవిడ గొట్టాన్ని మళ్ళీ ఆయన వైపు జరిపింది. చాలాసేపు చెయ్యి చాపి అలాగే ఉంచింది. మృత్యుంజయం దాన్ని తీసుకోలేదు. అవునన్నట్టు తలూపాడు.

ఆవిడ లేచి వెళ్ళిపోయింది. రోడ్డు దాటి మలుపు తిరిగేదాకా ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఇంతలో గొట్టం మోగింది. అవతలి వైపు ఎవరో, టీ చల్లారిపోతోంది తొందరగా రమ్మనండి అంటున్నారు. మృత్యుంజయం కళ్ళు తుడుచుకుని, ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా ఆ మాటను నేరుగా పంపించాడు.